నలభయ్యో రోజు తర్వాత ఆ ఇంటికి ఎవరు వెళ్తారు?

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ కతోలిక విచారణలో, అంటే మీ పారిష్‌లో, ఒక అక్క భర్త ఐదు వారాల కింద గుండెపోటుతో పోయారు, ఆయనకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన పెళ్లికి ముందు జ్ఞానస్నానం తీసుకున్నారు, తల్లిదండ్రులు మాత్రం హిందువులు, వరంగల్ వైపు వాళ్లు. మొదటి వారం మీ యూత్ అంతా వెళ్లి వంట చేశారు, జపమాల చెప్పారు. ఇప్పుడు వెళ్తే ఏం మాట్లాడాలో తెలియక ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆవిడ మూడు ఆదివారాలుగా గుడిలో పూజకు (మాస్‌కు) రావడం లేదు, ‘విశ్వాసం పోయినట్టుంది’ అని గుడి బయట మాటలు వినబడుతున్నాయి. మేం ఏం చేయాలి, ఎవరూ తప్పు పట్టకుండా ఎలా చేయాలి అని అడిగావు. పదహారేళ్లుగా మా విచారణలో చావు జరిగిన ఇళ్లకు వెళ్తున్నదాన్ని, అంతకుముందు నేనే అలాంటి ఇంట్లో ఉన్నదాన్ని, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ విశ్వాసం మాట సంగతి చూద్దాం, నన్ను ఎక్కువ నొప్పించింది అదే. భర్త పోయిన మనిషికి ఆదివారం గుడి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. నలుగురూ కలిసి కూర్చున్న బెంచీ అక్కడే ఉంటుంది. పీఠం ముందు ఏ నడవలో ఆయన పెట్టె ఉంచారో, సత్ప్రసాదం (కమ్యూనియన్) కోసం ఆ నడవలోనే నడిచి వెళ్లాలి. అంత్యక్రియల పూజలో పాడిన పాటనే ఆ వారం కానుకలప్పుడు పాడతారు, పాడేవాళ్లకు ఆ సంగతి గుర్తుండదు. ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకోండి అనగానే అలవాటుగా పక్కకు తిరుగుతుంది, అక్కడ ఆయన ఉండడు. పూజ చివర పెళ్లి ప్రకటనలు చదువుతారు. బయటికొస్తే మెట్ల మీద ముప్పైమంది మెడ పక్కకు వంచి ‘ఎలా ఉన్నావమ్మా’ అంటారు, ఆ ముప్పైమందికీ ‘బాగున్నా’ అని చెప్పాలి. ఇంత దాటాలంటే ఎంత ఓపిక కావాలి?

మా ఆయన 2007 జూన్‌లో పోయారు. ఏడు నెలలు మా విచారణ గుడిలో అడుగు పెట్టలేదు. నా గురించీ అలాగే అనుకున్నారు. నేనేం చేసేదాన్నంటే, పిల్లలు బడికి వెళ్లాక బస్సెక్కి సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. అప్పటికింకా అది బసిలికా కాలేదు, ఆ గౌరవం 2008లో వచ్చింది. అక్కడ నన్నెవరూ ఎరగరు, ఎవరూ పలకరించరు. జపమాల చేతిలో పట్టుకునేదాన్ని గానీ చెప్పలేకపోయేదాన్ని, పూసలు వేళ్లకు తగిలితే చాలనిపించేది. దాన్ని విశ్వాసం పోవడం అంటారో ఏమంటారో నాకు తెలియదు, నేను మాత్రం ఆ నెలల్లో దేవుణ్ని పట్టుకున్నంత గట్టిగా అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. అందుకే ఆ అక్క ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో తెలియకుండా ఎవరూ తీర్పు చెప్పొద్దు.

మన లేఖనాల్లో ఇది కొత్త సంగతేం కాదు. యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి చదువు. లాజరు సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురొచ్చి నువ్వు ఇక్కడుంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు అంటుంది. తర్వాత మరియ వచ్చి సరిగ్గా అదే మాట అంటుంది. ఇద్దరూ ప్రభువును నిలదీసినట్టే. ఆయన ఇద్దర్నీ గద్దించలేదు, ఇంకాసేపట్లో లాజరును లేపుతానని తెలిసి కూడా ఏడ్చాడు. 88వ కీర్తన చూడు, చాలా విలాప కీర్తనల్లో చివరికి ఎక్కడో ఒకచోట ఆశ కనబడుతుంది, ఇది మాత్రం చీకట్లోనే ముగుస్తుంది. అయినా తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, దాన్ని పక్కన పెట్టలేదు, ప్రతి శుక్రవారం రాత్రి గురువులూ (ఫాదర్లూ) సిస్టర్లూ చెప్పే జపంలో అది ఉంటుంది. ఆ అక్క నోట ప్రార్థన రావడం లేదంటే, ఆమె బదులు ఆ కీర్తన ఎవరో ఎక్కడో చెప్తూనే ఉన్నారు.

ఇంకో మాట, ఇది మీ విచారణ గురువుతో చెప్పించు. తగిన కారణం ఉన్నప్పుడు ఆదివారం పూజ బాధ్యత నుంచి మినహాయింపు ఉంటుంది, విచారణ గురువు కూడా ఆ మినహాయింపు ఇవ్వగలరు, తిరుసభ బోధలన్నీ ఉండే సత్యోపదేశ గ్రంథంలోనే ఉంది. చాలామంది ఆడవాళ్లు పూజకు వెళ్లలేకపోయాం, అది కూడా పాపమైందేమో అని రెండో బరువు మోస్తుంటారు. ఫాదర్ ఒక్కసారి ఇంటికెళ్లి ‘నీకు చేతనైనప్పుడు రా తల్లీ, అప్పటిదాకా మేమంతా నీ తరఫున పీఠం దగ్గర ఉంటాం’ అంటే ఆ బరువు సగం దిగుతుంది. ఫాదర్లకు పని ఎక్కువ, మర్చిపోతారు, మీరే గుర్తు చేయండి, మొహమాటపడొద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఊళ్లో అయితే చావు జరిగిన ఇంటిని వీధి మొత్తం మోస్తుంది. పొద్దున ఒకరు కాఫీ తెస్తారు, పిల్లల్ని ఇంకొకరు బడికి పంపుతారు, సాయంత్రం అరుగు మీద ఎవరో ఒకరు ఊరికే కూర్చుంటారు. హైదరాబాద్‌లో మన విచారణల్లో సగంమంది ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లం, గుంటూరు నుంచో ఖమ్మం నుంచో నల్లగొండ నుంచో. మూడో రోజు అవగానే చుట్టాలంతా ఎంజీబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కుతారు. వాళ్లే నలభయ్యో రోజుకి మళ్లీ వచ్చి, భోంచేసి వెళ్లిపోతారు. ఆ సాయంత్రం తలుపేసుకుంటే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియదు. నిజమైన దుఃఖం అక్కడ మొదలవుతుంది. అప్పటిదాకా మనిషి ఒక మత్తులో ఉంటుంది, ఫోన్లు, భోజనాలు, సంతకాలు, వచ్చేపోయేవాళ్లతో రోజులు గడిచిపోతాయి. నలభై ఒకటో రోజు నుంచి ఆ ఇంటికి వీధి ఎవరు? నగరంలో విచారణ అన్నది ఉన్నదే అందుకని నా నమ్మకం. మీరు మొదటి వారం చేసింది మంచిదే, కానీ మీ అవసరం అసలు పడేది ఇప్పుడు.

నీ లెక్క ప్రకారం ఇంకో ఐదారు రోజుల్లో నలభయ్యో రోజు వస్తోంది కదా, దాని గురించి త్వరగా ఒక మాట. నలభై అన్నది మనవాళ్లలో నిలిచిన ఆచారం, ప్రభువు ఉత్థానం తర్వాత నలభై రోజులకు మోక్షారోహణం అయ్యారు కాబట్టి మనసుకు దగ్గరగా ఉంటుంది. తప్పకుండా పూజ చెప్పించండి, ప్రార్థన పెట్టండి. మూడొందల మందికి భోజనాలు పెట్టాలని మాత్రం ఎక్కడా లేదు. అప్పు చేసి బిర్యానీ పెట్టించిన ఇళ్లు నేను చూశాను, ఏడాది వడ్డీ కట్టారు. మీ యూత్ తలో గిన్నె వండుకొచ్చి ఇంటివాళ్లకూ దూరం నుంచి వచ్చినవాళ్లకూ పెట్టండి, చాలు. సమాధికి గ్రానైట్ వేయించాలని ఎవరైనా తొందరపెడితే, మట్టి కూర్చోవడానికి టైమ్ పడుతుంది, ఒక వానాకాలం పోనివ్వండి, అప్పటిదాకా కర్ర సిలువ, పేరు చాలు అని చెప్పండి.

తాళి సంగతి కూడా వస్తుంది, రాసిపెట్టుకో. మనలో పెళ్లికి సిలువ గుర్తున్న తాళి కడతాం, భర్త పోయాక మూడో రోజో నలభయ్యో రోజో పెద్దాడవాళ్లు చుట్టూ కూర్చుని అది తీయించేస్తారు, గాజులు, పువ్వులు కూడా. తిరుసభ అలా చేయమని ఎక్కడా చెప్పలేదు. తీయాలో ఉంచుకోవాలో, ఎప్పుడు తీయాలో ఆమె ఇష్టం. నేను నాది పదమూడు నెలలు ఉంచుకున్నాను, ఒకరోజు నాకే అనిపించి తీసి మా ఆయన జపమాలతో కలిపి డబ్బాలో పెట్టాను. ఆ రోజు ఎవరూ చుట్టూ లేరు, అది నాకు చాలా మేలయింది. మీ విచారణలో మాట చెల్లే పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆ రోజు ఆ అక్క పక్కనే కూర్చోమను. ఎవరైనా చేయి చాపితే ‘ఆ అమ్మాయి అడగలేదు కదా’ అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు.

అత్తమామల విషయం. కొడుక్కి పదకొండో రోజు కర్మ జరగలేదని వాళ్లు బాధపడుతున్నారని రాశావు. వాళ్లను ఎదుటి పార్టీలా చూడొద్దు, పోయింది వాళ్ల బిడ్డ. మనవడితో పిండం పెట్టించడం మన విశ్వాసానికి కుదరదు, అది మెల్లగా, ఒకేసారి, ఫాదర్ ద్వారా చెప్పించాలి. కానీ ఫొటోకి దండ వేయడం, కొడుక్కి ఇష్టమైనవి వండి పదిమందికి పెట్టడం, సమాధి దగ్గర దీపం వెలిగించడం, వీటిలో తప్పేం ఉంది? నలభయ్యో రోజు మొదటి కొవ్వొత్తి ఆ పెద్దాయన చేత వెలిగించండి. ఒక ఇంట్లో మేం అలాగే చేస్తే, ఆ మామగారు కొవ్వొత్తి పట్టుకుని అరగంట కదల్లేదు, మైనం చేతిమీద కారుతున్నా. తర్వాత ప్రతి నెలా ఊరి నుంచి వచ్చి కోడల్నీ పిల్లల్నీ చూసి వెళ్లేవాడు. ఆ బంధం తెగిపోతే పిల్లలు నాన్నతో పాటు తాతనూ నాయనమ్మనూ పోగొట్టుకుంటారు.

దీనికి తోడు, వేరే క్రైస్తవ సంఘాలకు (ప్రొటెస్టంట్) వెళ్లే చుట్టాలు ఎవరో ఒకరు ‘చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన ఎందుకు, అదంతా అయిపోయింది’ అనడం మన హైదరాబాద్ ఇళ్లలో మామూలే. వాదనకు దిగకండి, ఆ అక్క ముందు అసలే వద్దు. మన బైబిల్లో మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా అనే సేనాని తన చనిపోయిన సైనికుల కోసం రెండు వేల వెండి నాణేలు పోగుచేసి బలి అర్పించమని యెరూషలేముకు పంపుతాడు, వాళ్ల బైబిల్లో ఆ గ్రంథం ఉండదు, తేడా అక్కడుంది. ఆ అక్కకి మాత్రం ఇది చెప్పండి, ఆయన కోసం ఇంకా చేయగలిగింది ఉంది అని. భర్తకు అన్నం పెట్టే చేతులు ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి చూడు, అప్పుడు ఆయన కోసం ఒక మంగళవార్త జపం (మరియమ్మకు చెప్పే ప్రార్థన) చెప్పడం కూడా ఒక పని. నాకు అది ఊపిరిలా ఉండేది, పూసలు మళ్లీ తిప్పగలిగాక.

ఏం మాట్లాడాలి అని అడిగావు కదా, ముందు ఏం మాట్లాడకూడదో చెప్తాను. మా ఇంటికి వచ్చిన ఒకావిడ, మంచి మనసుతోనే, ‘దేవుడు ప్రేమించినవాళ్లనే తొందరగా తీసుకెళ్తాడమ్మా’ అంది. మా చిన్నోడికి అప్పుడు తొమ్మిదేళ్లు, గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. తర్వాత గుడి అంటేనే ఏడవడం మొదలుపెట్టాడు, రాత్రి జపం అంటే దుప్పటి కప్పేసుకునేవాడు. నాకు అర్థం కాలేదు. రెండు నెలల తర్వాత ఒకరోజు అన్నం తింటూ అడిగాడు, ‘అమ్మా, దేవుడు నన్ను కూడా ప్రేమిస్తాడా?’ అని. అవును నాన్నా అన్నాను. కంచంలో చేయి ఆగిపోయింది వాడికి, ‘కొంచెమే ప్రేమించమని చెప్పవా’ అన్నాడు. ఆ ఒక్క మాట వాడి మనసులోంచి తీయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అందుకే దేవుడి తరఫున కారణాలు చెప్పొద్దు. దైవచిత్తం, పరీక్ష, ఏదో మంచికే, నీకు పిల్లలున్నారు కదా, ధైర్యంగా ఉండు, వాళ్ల ముందు ఏడవకు, ఇవేవీ వద్దు. ఆమె తనంతట తాను దైవచిత్తం అంటే తల ఊపు, నువ్వు మాత్రం అనొద్దు. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని, మొదటి ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చోవడం. నోరు తెరిచాకే అంతా చెడింది.

అయితే ఏం చేయాలి? మా వీధి చివర ఒక అవ్వ ఉండేది, ఫిరంగిపురం నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉన్నావిడ. ప్రతి గురువారం పదకొండింటికి వచ్చేది. ముందు ఫోన్ చేసేది కాదు, వస్తానని చెప్పేది కాదు, గురువారం కాబట్టి వచ్చేది. సంచిలో కూరగాయలు తెచ్చుకుని వంటింట్లో కత్తిపీట వాల్చుకుని కూర్చునేది. నేను మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే కోసేది. వెళ్లేముందు పడున్న గిన్నెలు కడిగి, బడి నుంచి పిల్లలు వచ్చుంటే వాళ్ల నొసట బొటనవేలితో సిలువ గుర్తు వేసి వెళ్లిపోయేది. నాలుగు నెలల్లో మా ఆయన గురించి ఆవిడ అడిగింది ఒక్కటే. ఒకరోజు బీరకాయ చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా, ‘మీ ఆయనకి ఇది ఎలా చేస్తే ఇష్టం?’ అంది. పాలు పోసి చేస్తే ఇష్టమని చెప్పాను, అక్కడ మొదలుపెట్టి గంటన్నర మాట్లాడాను, పెళ్లిచూపుల్నుంచి ఆసుపత్రి దాకా. సమాధుల తోట నుంచి వచ్చాక నేను గట్టిగా ఏడ్చింది ఆ రోజే. ఆవిడ బీరకాయలన్నీ కోసి, పాలు పోసి కూర వండి వెళ్లింది.

ఆవిడ చేసిందే నేను ఇన్నేళ్లుగా చేస్తున్నాను, కొత్తవాళ్లకూ అదే చెప్తున్నాను. పదిహేనుమంది ఒకేసారి వెళ్లొద్దు, ఇద్దరు వెళ్లండి. ఎప్పుడూ అదే రోజు, అదే టైమ్, కనీసం ఏడాది. వారానికి ఒక జంట చొప్పున పెద్దాడవాళ్లలో ఒకరు, యూత్‌లో ఒకరు అయితే ఇంకా మంచిది. ‘ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్యక్కా’ అనకండి, ఎవరూ చేయరు, నేను ఎవరికీ చేయలేదు. చేతిలో పని పెట్టుకుని వెళ్లండి, గ్యాస్ బుక్ చేశావా, చిన్నదాని యూనిఫాం కుట్టు ఊడిందా, ఇలా. చనిపోయినాయన పేరు పలకండి. అందరూ ఆ పేరు ఎత్తితే ఆమె ఏడుస్తుందని తప్పించుకుంటారు, ఆమె ఎలాగూ ఏడుస్తోంది, పేరు వినబడక ఇంకా ఏడుస్తోంది.

పని అన్నాను కాబట్టి కాగితాల పని చెప్పాలి, మీ యూత్‌లో ఫోన్, కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు ఇక్కడ నిజంగా పనికొస్తారు. విచారణ మరణ రిజిస్టర్‌లో రాస్తారు గానీ అది ప్రభుత్వ సర్టిఫికెట్‌కి బదులు కాదు. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో పోయుంటే వాళ్లే పంపుతారు, ఇంట్లో అయితే కుటుంబమే చెప్పాలి. నెల దాటిపోతే అనుమతి తీసుకుని నమోదు చేయించాలి, కాబట్టి ఇవాళే కనుక్కోండి. తర్వాత ఆయన బ్యాంక్ పాస్‌బుక్ తీసి మే, జూన్ పేజీలు చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తుంది. చాలా ఇళ్లలో అది ఉన్నట్టే తెలియదు. ఉద్యోగంలో ఉండగా పోయారు కాబట్టి, ఆయనకు పీఎఫ్ కట్ అవుతుంటే మూడు వేర్వేరు హక్కులుంటాయి. పీఎఫ్‌లో దాచిన డబ్బు ఒకటి, ఆమెకు నెలనెలా పెన్షన్‌తో పాటు ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా వచ్చేది ఒకటి, గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉండే ఇన్సూరెన్స్ ఇంకొకటి. కొన్ని కంపెనీలు మొదటిది ఇప్పించి ఊరుకుంటాయి, మూడూ అడగాలి. ఆమెతో పాటు ఆఫీసుకు ఎవరో ఒకరు వెళ్లండి, కౌంటర్ దగ్గర ‘మరణించిన వ్యక్తితో మీ సంబంధం’ అన్న గడి నింపడం ఒంటరిగా చేయాల్సిన పని కాదు.

పిల్లల గురించి. వాళ్లు పెద్దవాళ్లలా దుఃఖపడరు, పది నిమిషాలు ఏడ్చి వెంటనే క్రికెట్‌కి పోతారు, చూసేవాళ్లు ‘వీడికేం తెలియదు పాపం’ అనుకుంటారు. అన్నీ తెలుసు వాడికి. ఉపదేశం క్లాసు చెప్పే సిస్టర్‌కి ముందే చెప్పండి, నాన్నకు కార్డు చేయండి లాంటి పని వచ్చినప్పుడు ఆ పిల్లల్ని వదిలేయకుండా, బలవంతపెట్టకుండా చూసుకుంటారు. ‘ఇప్పుడు ఇంటికి నువ్వే పెద్దవాడివి’ అనే మాట పిల్లాడితో ఎవరు అన్నా అక్కడే ఆపించండి.

ఆయన పేరు మీద పూజ ఒక్క నలభయ్యో రోజుకే కాదు, పుట్టినరోజుకీ పెళ్లిరోజుకీ పెట్టించండి. ఆ రెండు తేదీలు ఆమెను అడిగి రాసుకోండి, ఎందుకంటే ఆ రోజులు ఎవరికీ గుర్తుండవు. కానుక సంగతి పట్టించుకోవద్దు, ఇవ్వలేనివాళ్ల ఉద్దేశం కోసం కానుక లేకపోయినా పూజ చేయమని తిరుసభ చట్టమే గురువులకు గట్టిగా చెప్తోంది. పేరు చదివేవాళ్లకు సరిగ్గా ఎలా పలకాలో ఒకసారి చెప్పించండి. మా ఆయన సంవత్సరీకం రోజు పేరు తప్పుగా చదివారు, అది నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తుంది.

నవంబర్ 2, చనిపోయినవాళ్లందరినీ తలుచుకునే రోజు, మర్చిపోవద్దు. నవంబర్ 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్లి చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తే వాళ్లకు చెందేలా తిరుసభ పాపశిక్ష తొలగించే ప్రత్యేక ఫలం ఇస్తుంది. రెండో తేదీన ప్రతి గురువూ మూడు పూజలు చేసుకోవచ్చు, మొదటి ప్రపంచ యుద్ధంలో లెక్కలేనంతమంది చచ్చిపోతుంటే 1915లో 15వ బెనెడిక్ట్ పోప్‌గారు ఇచ్చిన అనుమతి అది. ఆ రోజు నారాయణగూడ సమాధుల తోటకు ఎప్పుడైనా వెళ్లావా? సున్నం వేసిన సిలువలు, చామంతులు, పొగ, ఇసకలో గుచ్చిన కొవ్వొత్తులు, ఒకే సమాధి మీద మూడు తరాల పేర్లు. ఏడాదిలో ఆ ఒక్కరోజు దుఃఖంలో ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువమంది ఉంటారు, ఎవరూ మెడ వంచి అడగరు. ఆ అక్క భర్త సమాధి ఎక్కడుంటే అక్కడికి ముందురోజే మీరు వెళ్లి గడ్డి పీకి శుభ్రం చేసి రండి. ఆమె గుడికి రాకముందే అక్కడికి రావచ్చు, అదీ మొదటి అడుగే.

ఒక జాగ్రత్త. నెలల తరబడి నిద్ర, తిండి లేకపోవడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం, ‘నేనూ ఆయన దగ్గరకే పోతా’ అనడం వింటే దాన్ని ప్రార్థనతో సరిపెట్టొద్దు. ఆ మాట విన్న రోజు ఆమెను ఒంటరిగా వదలొద్దు, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మందులు వాడటం విశ్వాసం తక్కువవడం కాదు. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఆత్మహత్య జరిగి ఉంటే మీకూ ఒక మాట చెప్పాలి. 1917 నాటి తిరుసభ చట్టంలో అలాంటివాళ్లకు అంత్యక్రియలు నిరాకరించే నిబంధన ఉండేది, 1983 చట్టంలో అది లేదు. ఆ మనిషి మనసు పడిన వేదన బాధ్యతను తగ్గిస్తుందనీ, వాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోవద్దనీ సత్యోపదేశంలో స్పష్టంగా ఉంది. వాళ్ల కోసమూ పూజ చెప్పిస్తాం, చెప్పించండి.

ఇక నువ్వు ఈ వారం చేయాల్సింది. మీ గ్రూప్‌లో చర్చ పెట్టకు, నువ్వూ ఇంకొక పెద్దావిడా వెళ్లండి. ఇన్నాళ్లూ రాలేదని సంజాయిషీ పొడుగ్గా చెప్పొద్దు, ‘రాలేకపోయాం అక్కా, ఇకనుంచి గురువారం గురువారం వస్తాం’ అంటే చాలు. తలుపు తీయకపోతే తెచ్చిన టిఫిన్ డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, చీటీ మీద మీ పేర్లూ ‘మళ్లీ గురువారం’ అనీ రాసి రండి. కోపంగా మాట్లాడితే మాట్లాడనివ్వు, అది నీ మీద కోపం కాదు. పూజకు ఎందుకు రావట్లేదు అని మాత్రం అడగొద్దు. వంటింట్లోకి రానిస్తే కత్తిపీట ఎక్కడుందో అడుగు. తర్వాత ఎలా జరిగిందో నాకు రాయి, మూడో వారమో నాలుగో వారమో ఆమె ఒకమాట అంటుంది, దానికి ఏం చెప్పాలో తెలియకపోతే అప్పుడు అడుగు, నేను ఇక్కడే ఉంటాను.